వంటల పోటీ ముగిశాక ఎవరింటికి వాళ్ళు

రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు నాది. అయినా నేను చేసిన ఉద్యోగం అదొక్కటే. మళ్ళీ అందులోకి వెళ్ళను కాబట్టి నా మట్టుకు నేను రిటైరయినట్టే. విశాఖపట్నంలో ఒక కేబుల్ ఛానెల్లో తొంభైల చివర చేరాను, రెండువేల దశకం ముగుస్తుండగా బయటికి వచ్చాను. ఎక్కువ కాలం పనిచేసింది వంటల పోటీ కార్యక్రమానికి. చేరినప్పుడు అసిస్టెంటుని, మానేసినప్పుడూ అసిస్టెంటునే.

ఈ మధ్య మద్దిలపాలెంలో మా వీధి అమ్మాయి ఒకత్తె టీవీ కోర్సు పూర్తి చేసి వచ్చి, "అక్కా, నువ్వు ఆ పని చేశావుగా, ఎలా ఉంటుందో చెప్పవా?" అని అడిగింది. ఎదురుగా కూర్చుని చెప్పడం నా వల్ల కాదు. నలుగురిలో నోరు తెరవాలంటే చిన్నప్పటి నుంచీ నాకు గొంతు పెగలదు. షూటింగుల్లో మధ్యాహ్నం విరామం వస్తే అందరూ కబుర్లాడుకునేవారు, నేను లైబ్రరీ పుస్తకం పట్టుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని. రాయడమయితే అలవాటే, రోజూ డైరీ రాస్తాను. అందుకని రాసిస్తానన్నాను. తీరా మొదలుపెట్టాక తెలిసింది, ఆ అమ్మాయికి ధైర్యం చెప్పే మాటలు నా దగ్గర పెద్దగా లేవని. ఉన్నవే రాస్తున్నాను.

శకుంతల గారి పోటీ

నేను చేరేనాటికి కార్యక్రమం చూసుకునేది శకుంతల గారు. ఒకప్పుడు స్కూలు టీచరు. పోటీని కూడా స్కూలు వార్షికోత్సవంలాగే నడిపేవారు. ఏదో ఒక కళ్యాణ మండపంలో బల్లలు వేసేవాళ్ళం. ఆడవాళ్ళు ఇంట్లోనే వండి మూతలు పెట్టుకుని తెచ్చేవారు. ముగ్గురు పెద్దవాళ్ళు రుచి చూసేవారు. మూడు బహుమతులు ఇచ్చాక మిగిలిన అందరికీ బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, స్టీలు డబ్బా చేతిలో పెట్టి పంపేవాళ్ళం. ఓడిపోవడం అనే మాట ఆ మండపంలో ఎవరి నోటా వచ్చేది కాదు.

ఒకసారి పాత ఊరి నుంచి రజియా బేగం అని ఒకావిడ కబురు పంపింది. పోటీకి వస్తాను గానీ టీవీలో మొహం పడకూడదని షరతు. కెమెరామన్ సన్యాసిరావు నవ్వాడు. "మొకం నేకండా ఏటి తీత్తామండి?"

"వండేది చేతులు కదయ్యా, చేతులు తియ్యి" అన్నారు శకుంతల గారు.

ఆ రోజు మా ఛానెల్లో ఓ ఆడమనిషి చేతులూ గాజులూ బిర్యానీ వడ్డించాయి, రెండో బహుమతి అందుకున్నాయి. ఇంకోసారి ఒక జడ్జి గారు మైకు ముందు, "ఈ పులిహోరలో ఉప్పు బొత్తిగా ఎక్కువైంది" అన్నారు. శకుంతల గారు నవ్వుతూనే ఆయన చేతిలోంచి మైకు తీసేసుకున్నారు. తర్వాత పక్కకి పిలిచి, "రేపు పొద్దున్నే ఆవిడ మళ్ళీ ఆ ఇంట్లోనే వండాలి, ఆ అత్తగారికే వడ్డించాలి. ఆ మాట మీరు చెవిలో చెప్పలేకపోయారా?" అని కడిగేశారు.

మంచి మనిషి. కార్యక్రమం మాత్రం చప్పగా ఉండేది. అబద్ధం ఎందుకు, పాల్గొన్నవాళ్ళ చుట్టాలు తప్ప ఎవరూ చూసేవారు కాదు. ప్రకటనలు రాలేదు. ఓ రోజు ఆఫీసుకి వెళ్ళేసరికి శకుంతల గారి కుర్చీలో వేరే ఆయన ఉన్నారు.

ఓడల మీద వచ్చిన క్యాసెట్లు

ఆయన ప్రసాద్ గారు. వాళ్ళది గోదావరి జిల్లా. తండ్రి స్టీల్ ప్లాంటు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. హుషారైన మనిషి. చెడ్డవాడని అనలేను, నా చేత ఎప్పుడూ కాఫీ తెప్పించలేదు, అరవలేదు. ఆయన బావమరిది ఓడ మీద ఇంజనీరు. ఏ దేశంలో ఓడ ఆగినా అక్కడి టీవీలో వంటల పోటీలు వస్తే ఎవరి చేతైనా రికార్డు చేయించి, క్యాసెట్లు, తర్వాత రోజుల్లో డిస్కులు తెచ్చేవాడు. వాటిని చూసి, ఏం జరుగుతోందో వరసగా రాసివ్వడం నా పని. ఎడిటింగ్ గదిలో తలుపేసుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఉద్యోగం మొత్తంలో నేను సంతోషంగా ఉన్న రోజులు అవే.

జపాన్ క్యాసెట్ మా వీసీఆర్‌లో రంగుల్లేకుండా తెలుపు నలుపుల్లో వచ్చేది. భాష తెలియదు, రంగు తెలియదు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను. అక్కడ పోటీ అంటే కుస్తీ పట్టు. ఇద్దరు ఆరితేరిన వంటవాళ్ళు, మధ్యలో ఒకే ఒక్క వస్తువు. ఓసారి ఓ చేప, ఓసారి వంకాయ. కెమెరా మనుషుల మొహాల కన్నా కత్తినీ వేళ్ళనీ ఎక్కువ చూపిస్తుంది. జడ్జీలు తిని, చాలాసేపు ఏమీ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని వాళ్ళు కత్తిరించరు. ఓడినవాడు గెలిచినవాడికి వంగి దణ్ణం పెడతాడు. అతను కూడా పేరు మోసిన వంటవాడే. మర్నాడు అతని హోటల్ మూతపడదు.

ఇంగ్లండు పోటీలో చప్పుడే ఉండదు. ముగ్గురు మామూలు మనుషులు, శుభ్రమైన గది. జడ్జీలు ఎంత మర్యాదగా మాట్లాడతారంటే, వాళ్ళకి ఆ కూర నచ్చిందో లేదో రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నా నాకు తెలిసేది కాదు. గెలిచినవాళ్ళకి చిన్న జ్ఞాపిక. ఓడినవాళ్ళు నవ్వి చెయ్యి కలిపి వెళ్ళిపోతారు.

అమెరికాది అంతా గడియారం. ఆ టిక్కు టిక్కు శబ్దమే సగం కార్యక్రమం. వండుతున్న మనిషిని మధ్యలో పక్కకి తీసుకెళ్ళి, పక్కబల్ల మనిషి మీద చాడీలు చెప్పిస్తారు. ఓడినవాళ్ళు సంచీ సర్దుకుని పొడుగాటి వరండాలో నడిచి వెళ్తుంటే వెనక నుంచి తీస్తారు.

ఆస్ట్రేలియా వాళ్ళది మళ్ళీ వేరు. ఆ డిస్కు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. అక్కడ అందరూ ఏడుస్తారు, అందరూ కౌగలించుకుంటారు. ప్రతి కూర వెనకా ఓ నాయనమ్మ కథ ఉంటుంది. ఓడిన మనిషి ఇప్పుడేం చేస్తున్నాడో చివర్లో రెండు ముక్కలు చూపిస్తారు. ఒకతను చిన్న హోటల్లో చేరాడట. ఒకావిడ తన పాత ఉద్యోగానికే వెళ్ళిపోయిందట.

అన్నీ రాశాక నాకు అర్థమైంది ఒక్కటే. ఈ దేశాల మధ్య తేడా వంటలోనూ లేదు, గడియారంలోనూ లేదు. ఓడిన మనిషి ఎక్కడికి తిరిగి వెళ్తాడన్న దాంట్లో ఉంది. ఇంగ్లండులో ఓడినాయన పళ్ళ డాక్టరు, సోమవారం పళ్ళు పీకుతాడు. అమెరికాలో ఓడినతను లారీ డ్రైవరు, మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంటాడు. మా పోటీకి వచ్చేవాళ్ళు మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే వెళ్ళాలి. అందులో సగం మంది ఆ పొయ్యి మీదే బతికేవాళ్ళు. పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, టిఫిన్లు వేసేవాళ్ళు, క్యారేజీలు కట్టేవాళ్ళు.

ఈ మాట ప్రసాద్ గారితో అంటే ఆయన కళ్ళు మెరిశాయి. "మరి మంచిదే కదండీ! గెలిచి తీరాలన్న కసి మొహంలో కనిపిస్తుంది."

అమెరికా నుంచి గడియారం, ఆస్ట్రేలియా నుంచి ఏడుపు, జపాన్ నుంచి ఒకే వస్తువుతో వండించడం తీసుకున్నారు. "ఇంగ్లండు వాళ్ళది నిద్రొస్తుందండీ" అని అది పక్కన పెట్టేశారు. అన్ని దేశాల్లోనూ ఉన్నది, మన దగ్గర లేనిది ఇంకొకటి ఆయనే కనిపెట్టారు. అక్కడి వంటవాళ్ళు నిమిషానికోసారి గరిటె నోట్లో పెట్టుకుని రుచి చూస్తారు, తలూపుతారు, మళ్ళీ అదే గరిటెతో కలుపుతారు. "మనవాళ్ళని చూడండి, బొమ్మల్లా నిలబడి వండుతారు. ఉప్పు సరిపోయిందో లేదో అని చూసేవాడికి ఉత్కంఠ ఉండాలి కదా?"

పైడితల్లమ్మ

కొత్త పద్ధతిలో మొదటి పోటీకి గాజువాకలో ఎంపికలు జరిగాయి. పైడితల్లమ్మ అక్కడికి వచ్చింది, వెనకే సైకిల్ నడిపించుకుంటూ ఆమె భర్త నూకరాజు. ఆమె పుట్టిల్లు భీమిలి, సముద్రం ఒడ్డున. పెళ్ళయి గాజువాక వచ్చింది. స్టీల్ ప్లాంటులో ట్రైనింగు కుర్రాళ్ళకీ, పోర్టులో పనిచేసే ఒంటరి ఉద్యోగులకీ క్యారేజీలు కడుతుంది. ఆమె వండితే అతను సైకిల్ మీద అందిస్తాడు.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్నది నేనే. పోటీకి ఎందుకు వచ్చారని అడగమన్నారు కాబట్టి అడిగాను.

"మరేం నేదు పాపా" అంది. "మెయిన్ రోడ్డు మీద ఓ గది ఖాళీగా ఉన్నాది. మెస్సు ఎడదారని మా ఆశ. ఓనరు ఇవ్వనంటన్నాడు. మీరెవులో ఎవులికి తెలుసు, జనం రావద్దేటి, అంతన్నాడు. టీవీలో గెలిచి రాండి, ఇచ్చెత్తాను అన్నాడు."

"ఆడు ఎటకారానికన్నాడు" అన్నాడు నూకరాజు.

"ఎటకారానికంటే ఏటి? అన్నాడా నేదా?" అని భర్త మీద కసిరి, నా వైపు తిరిగి, "నువ్వు రాసుకో పాపా. పైడితల్లమ్మ మెస్సు కోసం వచ్చినాదని రాసుకో" అంది.

వారాలు గడిచేకొద్దీ ఆమె ఒక్కో మెట్టూ దాటింది. మధ్యలో ఓడినవాళ్ళని అమెరికా పద్ధతిలో వరండాలో నడిపించి వెనక నుంచి తీశాం. పచ్చళ్ళు అమ్ముకునే ఒకావిడ నడవనని మొండికేసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అది ఇంకా బాగుందని దాన్నే వేశారు. పైడితల్లమ్మ మాత్రం నిలబడుతూ వచ్చింది. ఫైనల్సుకి ముగ్గురు మిగిలితే అందులో ఆమె ఒకతె.

గరిటె

ఫైనల్సుకి మద్దిలపాలెంలో ఒక హాలు తీసుకుని మూడు పొయ్యిలు వేశాం. ముగ్గురికీ ఒకే రకం గిన్నెలు, ఒకే రకం గరిటెలు. వస్తువు చేప. జడ్జి బీచ్ రోడ్డులో ఒక హోటల్ చెఫ్ గారు. పని తెలిసిన మనిషి, పక్షపాతం లేనివాడు.

పైడితల్లమ్మ చేపల పులుసు పెట్టింది. చేపల పులుసులో గరిటె పెట్టి తిప్పకూడదు, ముక్క చితికిపోతుంది. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. ఆమె అలాగే చేసింది. రెండు మూడుసార్లు మూత తీసి ఆవిరికి మొహం పెట్టి వాసన చూసింది. దించేసింది. చెఫ్ గారికి వడ్డించింది. ఆయన తింటున్నంతసేపూ నూకరాజు హాలు తలుపు దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు.

అంతా అయ్యాక ప్రసాద్ గారు ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. "ఏమ్మా, మీరు మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఉప్పు ఎలా తెలుస్తుంది?"

"ఆసన సూత్తే తెలిసిపోద్ది బాబూ. ఒకలికి ఎట్టకముందే నాను నోట్లో ఎట్టుకుంటే ఎంగిలైపోదేటి?"

"సరే, ఇప్పుడు వడ్డించేశారు కదా. ఇప్పుడు ఓసారి రుచి చూసినట్టు చెయ్యండి. ఎడిటింగ్‌లో మధ్యలో కలుపుకుంటాం."

అదే రకం ఇంకో గిన్నె తెప్పించి, మిగిలిన పులుసు ముక్కల్లేకుండా అందులో పోయించారు. పొయ్యి మీద పెట్టించారు. సన్యాసిరావు కెమెరా దగ్గరగా జరిపాడు. పైడితల్లమ్మ గరిటెతో ఓ చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని, నాకి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

"కట్! అరచేతిలో కాదమ్మా. గరిటె నేరుగా నోటికి. తలూపండి. మళ్ళీ అదే గరిటె గిన్నెలో పెట్టి కలపండి."

"ఓలమ్మో! అదే గరిటే?" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. హాల్లో నవ్వారు.

"వేరే గరిటె ఇచ్చెద్దారండి" అన్నాడు సన్యాసిరావు.

"మధ్యలో ఆపి గరిటె మారిస్తే షాట్ తెగిపోతుందయ్యా. ఒక్క ఊపులో రావాలి."

నేను వెళ్ళి ప్రసాద్ గారి పక్కన నిలబడ్డాను. "సార్, అది వద్దు సార్. మనవాళ్ళు చూస్తే బాగోదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"దాన్ని తినేదెవరండీ? పారబోసేదే కదా" అన్నారాయన.

పైడితల్లమ్మ నా వైపు చూసింది. "పాపా, ఇది ఎవులూ తినరు కదా?"

"తినరు" అన్నాను. అది నిజమే.

ఆమె గరిటె నోట్లో పెట్టుకుంది. తలూపింది. ప్రసాద్ గారు చెయ్యి గుండ్రంగా తిప్పి చూపిస్తుంటే, అదే గరిటె గిన్నెలో పెట్టి కలిపింది. ఒక్క టేకులో అయిపోయింది. వెంటనే ఆ గిన్నె తనే వెనక్కి పట్టుకెళ్ళి పారబోసి, తోమి, బోర్లించి వచ్చింది. దాన్ని మాత్రం ఎవరూ కెమెరాలో తీయలేదు.

చెఫ్ గారు మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు. "ఈ పులుసు నా హోటల్లో పెట్టలేను, మీలా పెట్టేవాళ్ళు నా దగ్గర లేరు" అన్నారు. నూకరాజు చప్పట్లు కొట్టడం మర్చిపోయి, చెప్పుల్లేకుండానే హాలు బయటికి పరిగెత్తాడు, గది ఓనరుకి ఫోన్ చెయ్యడానికి.

ఎడిటింగ్ గదిలో మొదటిసారి చూసినప్పుడు ఆ ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. గరిటె నోట్లోకి వెళ్తుంది. అదే గరిటె గిన్నెలోకి వెళ్తుంది. వెంటనే పులుసు చెఫ్ గారి పళ్ళెంలో పడుతుంది. ఆయన తింటారు. రెండు గిన్నెలున్నాయని ఎవరికీ తెలిసే దారి లేదు.

"సార్, ఆ షాట్ తీసేద్దాం" అన్నాను.

"అది తీసేస్తే ఆవిడ వంట చేసినట్టే ఉండదండీ. ప్రపంచమంతా ఇలాగే చేస్తున్నారు, మీరే కదా రాసిచ్చారు."

"అక్కడ ఎంగిలి లేదు సార్."

ఆయన హాయిగా నవ్వారు. "భలే అన్నారు. రాసి పెట్టుకోండి ఎక్కడైనా."

ఆదివారం తర్వాత

ఆదివారం మధ్యాహ్నం ప్రసారమైంది. ఆఫీసుకి అభినందనల ఫోన్లు వచ్చాయి. రెండు రోజులు గడిచాక నూకరాజు వచ్చాడు. సైకిల్ హ్యాండిల్‌కి ఖాళీ క్యారేజీలు వేలాడుతున్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"మూర్తిగారు ఆపెత్తామన్నారమ్మా" అన్నాడు.

మూర్తిగారంటే పోర్టులో సూపర్వైజరు. వాళ్ళది కృష్ణా జిల్లా, కుటుంబాన్ని ఊళ్ళో ఉంచి ఇక్కడ గదిలో ఉండేవారు. ఆయన మాట మీదే చాలామంది ఈమె దగ్గర క్యారేజీలు కట్టించుకున్నారు.

"ఏమన్నారు?"

"క్యారేజీ కడిగించి నా సేతిలో ఎట్టి, ఇన్నాళ్ళూ మా సేత మీ ఆవిడ ఎంగిలి తినిపించినావేటయ్యా అన్నారు. కాదు బాబూ అన్నాను. టీవీలో అందరం సూసినాం గదా అన్నారు. మిగిలినోళ్ళూ అదే మాట." హ్యాండిల్‌కి క్యారేజీలు సర్దుకుంటూ, "ఆ బొమ్మ ఎనక్కి తీసీడానికి అవుద్దేటమ్మా?" అని అడిగాడు.

ఆ షూటింగు అసలు క్యాసెట్టులో రెండు గిన్నెలూ పడ్డాయి. గిన్నె మార్చడం, పులుసు పొయ్యడం, అంతా కెమెరా ఆపకుండా తీశారు. దాన్ని ఒక్కసారి వేస్తే చాలు. పరిగెత్తుకుని వెళ్ళి వెతికాను. మా ఛానెల్లో తయారైన కార్యక్రమాన్నే దాచేవారు. షూటింగు క్యాసెట్లు దాచే అలవాటు లేదు, కార్యక్రమం తయారవగానే వాటి మీదే ఇంకోటి తీసేవారు. ఆ క్యాసెట్టు మీద అప్పటికే ఒక నగల దుకాణం ప్రారంభోత్సవం ఉంది.

సన్యాసిరావు మనసున్నవాడు. "పద బావా, నాను తీసినాను, నాను సెప్తాను" అని నూకరాజుని బండెక్కించుకున్నాడు. నేను కూడా ఆటోలో వెనకే వెళ్ళాను. మూర్తిగారు గది గుమ్మంలో నిలబడి మర్యాదగానే విన్నారు.

"బాబూ, అది వేరే గిన్నె. కెమెరా నాదే. నా కళ్ళతో నాను సూసినాను" అన్నాడు సన్యాసిరావు.

"మేమూ నీ కెమెరాతోనే చూశాం కదయ్యా" అన్నారు మూర్తిగారు.

నేను ముందుకి వచ్చి, "చెఫ్ గారికి ముందే వడ్డించేశారండీ, ఆ తర్వాత తీశారు" అన్నాను.

"తర్వాత తీసింది ముందు ఎందుకు చూపించారమ్మా?"

దానికి నా దగ్గర ఉన్న జవాబు చెప్పాను. పోటీ రక్తి కట్టడానికి అన్నాను. ఆయన తల పంకించారు. "అంటే మీరు అబద్ధం చూపించారంటున్నారు. అయితే ఆవిడ గెలిచింది మాత్రం నిజమని నన్ను నమ్మమంటారా?" తలుపు మెల్లగా వేసేసుకున్నారు.

నా పోరు పడలేక చివరికి ప్రసాద్ గారు ఒప్పుకున్నారు. పైడితల్లమ్మని కూర్చోబెట్టి, ఆమె రోజూ ఎలా వండుతుందో, అరచేతిలో చుక్క వేసుకునే దగ్గర్నుంచి తీద్దామని నేనడిగాను. అంత సమయం లేదని, తెర కింద నడిచే అక్షరాలు వేయించారు. 'వంటల పోటీ విజేత పైడితల్లమ్మ గారు ఎంగిలి గరిటెతో వంట చేశారన్నది అవాస్తవం.' సినిమా వస్తున్నంతసేపూ అవి నడుస్తూనే ఉన్నాయి. ఫైనల్సు చూడనివాళ్ళందరికీ ఆ రోజు విషయం తెలిసింది.

మెయిన్ రోడ్డు మీద గది సెల్‌ఫోన్ల దుకాణానికి ఇచ్చేశారు. ఓనరుని తప్పు పట్టడానికి లేదు. ఆమె గెలిచి వచ్చినప్పుడు అతను ఇస్తాననే అన్నాడు. జనం రావాలి కదా అనే ఇప్పుడూ అన్నాడు.

ఈ పనిలోకి వచ్చే అమ్మాయికి ఇక్కడ ఏదో ఒక సలహా ఇవ్వాలి నేను. ముందే చెప్పమందామా అంటే, ముందే చెప్పాను. గట్టిగా చెప్పమందామా అంటే, నా గొంతుతో సాధ్యమైనంత గట్టిగా చెప్పాను. బయటి దేశాల నుంచి పద్ధతి తెచ్చుకోవద్దని అనలేను. శకుంతల గారి కార్యక్రమం ఎవరూ చూడలేదు, ఎవరూ చూడలేదు కాబట్టే అందులో ఎవరికీ ఏమీ కాలేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. జనం చూసే కార్యక్రమం తీయాలి, తీస్తే ఎవరికో ఒకరికి ఇలా జరుగుతుంది. ఈ రెంటికీ మధ్య దారి ఉందని నమ్మి ఆ తర్వాత కూడా కొంతకాలం ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నాకు దొరకలేదు.

సబ్బవరం

వాళ్ళు గాజువాక వదిలేసి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. చాలాకాలానికి, కొత్త కాలనీలు లేస్తున్నాయని మా ఛానెల్ వాళ్ళు సబ్బవరం వైపు చూడ్డానికి వెళ్తూ నన్నూ జీపులో తీసుకెళ్ళారు. సగం లేచిన ఇళ్ళ మధ్య ఓ రేకుల షెడ్డు కింద తాపీ పనివాళ్ళు బారుగా కూర్చుని అన్నాలు తింటున్నారు. వడ్డిస్తున్నది పైడితల్లమ్మ.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. తిట్టలేదు. బల్ల మీద కూర్చోబెట్టి ఆకు వేసింది. "తిను పాపా, ఎండనపడి వచ్చినావు." పనివాళ్ళు పప్పులోకి ఇంకొంచెం పులుపు ఉండాలని ఆమెని ఆట పట్టిస్తున్నారు. "పులుపు తింటే ఇటుకలు ఎవులు మోత్తార్రా?" అని ఆమె గదమాయిస్తోంది. నూకరాజు నీళ్ళు పోస్తున్నాడు. ఇక్కడ వాళ్ళు బాగానే ఉన్నారనిపించింది. నాకు ముద్ద దిగింది కూడా.

చెయ్యి కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని పక్కన నిలబడి, మెల్లగా అడిగింది. "పాపా, మీ ఛానెలు ఈ పక్కకి వత్తాదేటి?"

మేము వచ్చిందే ఆ పని మీద. జీపులో వెనక కేబుల్ తీగ చుట్ట ఉంది. కొత్త చోటికి వెళ్ళగానే మొదట్లో మా వాళ్ళు వేసేవి పాత పోటీల ఫైనల్సే, అందులోనూ ఎక్కువ ఫోన్లు వచ్చినవి. అబద్ధం చెప్పి వెళ్ళిపోవచ్చు. చెప్పలేదు.

"వస్తుందమ్మా. పై నెల నుంచి."

ఆమె చెంబు కింద పెట్టింది. పనివాళ్ళ వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. తర్వాత భర్తని అడిగింది. "ఇది దాటితే ఏ ఊరొత్తాది?"

"సోడారం" అన్నాడు నూకరాజు. చోడవరం అని అర్థం.

"అక్కడికో?" అని నన్ను అడిగింది.

అక్కడికి ఎప్పుడు వెళ్తారో నాకింకా తెలియదని చెప్పాను.

"తెలిత్తే ముందుగా ఓ కబురెట్టు పాపా. సామాను సర్దుకోడానికి టైం ఉండాలి గదా."

ఆఫీసుకి తిరిగి వెళ్ళి, సబ్బవరంలో ఆ ఒక్క భాగం వెయ్యొద్దని ప్రసాద్ గారిని అడిగాను. "మనకున్నవాటిలో బెస్ట్ అదేనండీ" అన్నారు, నిజంగానే బాధపడుతూ. ఆ వారమే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశాను. ఇంట్లో కూర్చున్న కొన్ని రోజులకి గానీ నాకు తట్టలేదు. ఆఫీసులో ఉంటే తీగ ఎప్పుడు ఎటు వెళ్తుందో అందరికన్నా ముందు నాకే తెలిసేది. ఇప్పుడు చోడవరం కబురు ఆమెకి ముందుగా చెప్పగలిగే మనిషి అక్కడ ఎవరూ లేరు.